అడగందే అమ్మైనా పెట్టదంటారు



ఈ వారం ధ్యానానికి మొదటి సమూయేలు 1వ అధ్యాయం, యెషయా 49వ అధ్యాయం 15వ వచనం తీసి దగ్గర పెట్టుకోండి. రెండూ మీకు బాగా తెలిసిన భాగాలే. మాకూ తెలుసుననే అనుకున్నాం. సరిగా తెలియదని ఒక పచ్చిబాలింత మాకు నేర్పింది. ఆమె ఒప్పుకున్న మీదటే ఇది రాస్తున్నాం. పేరు, ఊరు రాయడం లేదు.

మేము అంటే ఈ సంఘంలో పరిచర్య చేస్తున్న భార్యాభర్తలం. ఊళ్లో ఒకర్ని అయ్యగారని, ఒకర్ని అమ్మగారని పిలుస్తారు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు రాసిన మాటలివి.

మా పెద్దమ్మాయి పుట్టింది మిరపకోతల కాలంలో. అప్పటికి మందిరం తాటాకు పాక. దాని వెనకే మేముండే గది. పురుడైన కొత్తల్లో అమ్మగారి తల్లి వచ్చి మూడు నెలలు మాతో ఉంది. రాత్రిపూట దీపం తగ్గించి పడుకున్నాక, బిడ్డ ఇంకా గుక్కైనా పట్టకముందే ఆవిడ "లేమ్మా, పాలకి లేచింది" అని కూతుర్ని తట్టేది. చూస్తే బిడ్డ కళ్లు కూడా పూర్తిగా తెరవలేదు. ఒకరోజు అయ్యగారు ఉండబట్టలేక అడిగారు, ఏడవలేదు కదా, మీకెలా తెలిసిందని. ఆవిడ నవ్వి, "అడుగుతానే ఉంది గదయ్యా, కనపట్లా?" అంది.

అప్పుడు చూశాం. బిడ్డ తల అటూ ఇటూ తిప్పుతోంది. బుగ్గకు దుప్పటంచు తగిలితే అటువైపు నోరు తెరుస్తోంది. పిడికిలి నోటిదాకా తెచ్చుకుంటోంది. పెదవులు చప్పరిస్తోంది. ఇవన్నీ అడగడమే. ఇవేవీ ఎవరూ పట్టించుకోకపోతే, ఇక చివరికి ఏడుపు. ఈమధ్య మా ఊరి ఆశా కార్యకర్త బాలింతలకు చెబుతుంటే విన్నాం, ఏడుపు ఆకలికి మొదటి గుర్తు కాదు, ఆఖరి గుర్తు అని. గుక్కపట్టి ఏడ్చే బిడ్డ రొమ్ము కూడా సరిగా అందుకోలేదు. ముందు ఊరుకోబెట్టాలి, తర్వాతే పాలు.

అడగందే అమ్మైనా పెట్టదని మన పెద్దల సామెత. ప్రార్థన గురించి ప్రసంగించేటప్పుడు మేమూ చాలాసార్లు వాడాం. సామెత అబద్ధం కాదు. కానీ అడగడమంటే నోరు తెరిచి గట్టిగా అడగడమేనని మేము అనుకున్నాం. అక్కడే పొరపాటు పడ్డాం.

నిర్గమకాండం 2వ అధ్యాయంలో మోషే తల్లిని ఈ కంటితో చూడండి. మగబిడ్డ ఏడుపు బయటికి వినబడితే ప్రాణం పోయే రోజులు. ఆ తల్లి మూడు నెలలు బిడ్డను దాచింది. ఎలా దాచిందో లేఖనం వివరించదు. పిల్లల్ని పెంచిన ఏ అమ్మనడిగినా చెబుతుంది: ఏడుపు దాకా రానివ్వకుండా దాచి ఉంటుంది. వాడి పిడికిలి కదిలితే చాలు, వాడి పెదవి వణికితే చాలు, ఆమెకు తెలిసిపోయి ఉంటుంది. మూడు నెలలు నిండాక బిడ్డ గొంతు పెద్దదవుతుంది, ఇక దాచడం ఎవరి వల్లా కాదు. అప్పుడే ఆమె జమ్ముపెట్టె తెచ్చింది. ఆ పెట్టె తెరిచినప్పుడు పిల్లవాడు ఏడుస్తున్నాడని రాయబడింది. ఫరో కుమార్తెకు జాలి పుట్టించింది ఆ ఏడుపే. అమ్మ ఒళ్లో అవసరంలేని ఏడుపును దేవుడు నదిలో వాడుకున్నాడు.

తల్లీబిడ్డల మాటలు బిడ్డ పుట్టాక మొదలయ్యేవి కావు. ఆరో నెల దాటేసరికి కడుపులోని బిడ్డకు వినికిడి వస్తుంది. బయటి శబ్దాలన్నీ మందంగా వినబడతాయి గానీ అమ్మ గొంతు ఆమె ఒంటిలోంచే చేరుతుంది. 1980లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు, డికాస్పర్, ఫైఫర్ అనేవారు, పుట్టి మూడు రోజులు కూడా కాని పసికందుల నోటికి పాలపీక లాంటిది అందించి దాన్ని టేపురికార్డరుకు కలిపారు. ఒక తీరుగా చప్పరిస్తే కన్నతల్లి గొంతు వస్తుంది, ఇంకో తీరుగా చప్పరిస్తే వేరే ఆమె గొంతు వస్తుంది. ఆ పసికందులు తమ అమ్మ గొంతు వినిపించే తీరుగా చప్పరించడం నేర్చుకున్నారు. గొర్రెలు కాపరి స్వరం ఎరుగునని యోహాను సువార్త 10వ అధ్యాయంలో చదివే మనకు ఇది వింతగా తోచకూడదు. ఎరగడం అనేది చదువుతో వచ్చేది కాదు, దగ్గర ఉండి వినడంతో వచ్చేది.

చూపు సంగతీ అంతే. పుట్టిన బిడ్డకు దూరం ఆనదు. జానెడు, జానెడున్నర మేర మాత్రమే కాస్త స్పష్టంగా కనబడుతుంది. అమ్మ ఒళ్లో పాలు తాగే బిడ్డకు అమ్మ ముఖం సరిగ్గా ఎంత దూరంలో ఉంటుందో కొలిచి చూడండి. అంతే ఉంటుంది. ఇల్లు కనబడకపోయినా, ఊరు కనబడకపోయినా బిడ్డకు ఆ ఒక్క ముఖం కనబడేలా దేవుడు కంటిని కొలిచి పెట్టాడు.

పాలు తాగేటప్పుడు బిడ్డ ఏకధాటిగా తాగదు. నాలుగు గుక్కలు లాగి ఆగుతుంది. అలా ఆగగానే తల్లి తనకు తెలియకుండానే ఒళ్లో బిడ్డను కాస్త కదుపుతుంది, బుగ్గ మీద వేలితో తట్టి "ఏంటమ్మా, చాలా?" అంటుంది. ఆ కదపడం ఆగాక బిడ్డ మళ్లీ తాగుతుంది. ఒకరి వంతు, ఆ తర్వాత ఇంకొకరి వంతు. మాటలు రాకముందే మాట్లాడుకోవడంలోని మర్యాద ఒళ్లోనే నేర్పబడుతోంది. నెలన్నర, రెండు నెలలకు బిడ్డ ముఖం చూసి నవ్వుతుంది, "ఉంగా" అంటుంది. అమ్మ "ఊఁ, అవునా, ఇంకా?" అంటుంది, ఆగుతుంది. బిడ్డ మళ్లీ "ఉంగా". మా అత్తగారు మనవరాలిని కాళ్ల మీద పడుకోబెట్టుకుని లాలపోస్తూ ఇలా ఊరి కబుర్లన్నీ చెప్పేది. బిడ్డకు జవాబు చెప్పే సందు కూడా ఇచ్చేది. ప్రార్థనలో మనం దేవునికి అలాంటి సందు ఇస్తున్నామా అని అప్పుడప్పుడు మమ్మల్ని మేము అడుగుకుంటాం. ఏకధాటిగా అరగంట ప్రార్థించి ఆమేన్ అని లేచిపోతాం.

ఇంతవరకూ రాసినదంతా సంతోషంగా రాసింది. ఇక మా తప్పు.

కొన్నేళ్ల కిందట మే నెల రెండో ఆదివారం, తల్లుల దినమని ప్రత్యేక ఆరాధన పెట్టుకున్నాం. అయ్యగారు యెషయా 49:15 మీద ప్రసంగించారు. తల్లి తన చంటిబిడ్డను మరచునా అన్నదే ఆనాటి అంశం. "ఇక్కడ మరిచిపోగల అమ్మ ఎవరైనా ఉంటే చెయ్యెత్తండమ్మా" అన్నారు. స్త్రీలంతా నవ్వారు. ప్రసంగం బాగా కుదిరిందని ఇంటికొచ్చి మురిసిపోయాం.

ఆ రోజు వెనకవైపు గోడకానుకుని ఒక చిన్నమ్మాయి కూర్చుని ఉంది. తొలిచూలు, రెండు నెలల మగబిడ్డ. ఆమె నవ్విందో లేదో మేము చూడలేదు. తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ తర్వాతా రాలేదు. శుక్రవారం ఉపవాస కూడికకూ రాలేదు.

గృహదర్శనానికి వెళ్లాం. మనిషి చిక్కిపోయింది. జడ వేసుకోలేదు. అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు. బిడ్డ మంచం మీద ఉన్నాడు, ఆమె వాడి వైపు చూడటం లేదు. అత్తగారు "పనికి బద్ధకం అయ్యగారూ, వేరే ఏం లేదు" అంది. ఎదురింటావిడ గాలి సోకిందేమో అంది. మేమేమన్నామో రాయడానికి సిగ్గుగా ఉంది. ప్రార్థన తగ్గించావమ్మా, అందుకే నీ సంతోషం పోయింది అన్నాం. నూనె రాసి ప్రార్థించి, మందిరం మానొద్దని చెప్పి వచ్చేశాం. ఇంకో పది రోజులకు మళ్లీ వెళ్లి మళ్లీ అదే చెప్పాం.

మూడోసారి అమ్మగారు ఒక్కరే వెళ్లారు. వాక్యం చెప్పాలని కాదు, అత్తగారు చేలోకి వెళ్లింది, బిడ్డకు నీళ్లు పోసేవాళ్లు లేరని తెలిసి. మూడు నెలల బిడ్డను కాళ్ల మీద వేసుకుని అలవాటు ప్రకారం "ఏం నాన్నా, ఏంటి కబుర్లు?" అని పలకరించారు. వాడు ఒకసారి చూసి చూపు తిప్పేసుకున్నాడు. మళ్లీ పలకరిస్తే గుమ్మం వైపు చూస్తున్నాడు. ఉంగా లేదు, నవ్వు లేదు. బిడ్డ ఒంటి మీద మాంసం ఉంది, జ్వరం లేదు, కానీ ముఖంలో ఎదురుచూపు లేదు. అమ్మగారికి గుండె జారింది. అప్పుడు గోడవైపు తిరిగి పడుకున్న ఆ అమ్మాయి లేచి కూర్చుని అంది: "అమ్మగారూ, నాకు వాణ్ణి చూస్తే ఏమీ అనిపించట్లేదు. ఎత్తుకుంటే ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్టుంది. ఆ వాక్యంలో చెప్పిన తల్లిని నేను కాదు. ఆ రోజు చెయ్యెత్తాల్సింది నేనే."

అమ్మగారు ఆ రోజు వచనమేమీ చెప్పలేదు. బిడ్డకు తుడిచి, ఆమెకు జడ వేసి, పక్కన కూర్చుని ఏడ్చి వచ్చారు.

ఆ రాత్రి ఇద్దరం మొదటి సమూయేలు తెరిచాం. షిలోహు మందిరంలో హన్నా ప్రార్థిస్తోంది. పెదవుల కదలికే తప్ప గొంతు లేదు. ఏలీ యాజకుడు గుమ్మం దగ్గర కూర్చుని ఆ పెదవులనే చూస్తున్నాడు. చూసి, ఈమె తాగి ఉందనుకున్నాడు, మందలించాడు. అన్నేళ్లు మందిరంలో సేవ చేసినవాడు ఒక స్త్రీ వేదనను మత్తు అనుకున్నాడు. ఆ వచనాలు ఎన్నిసార్లు చదివామో, ప్రతిసారీ మమ్మల్ని హన్నా పక్కనే ఊహించుకున్నాం. ఆ రాత్రి మేము కూర్చున్న చోటు ఏలీ చోటని తెలిసింది. పిడికిలి నోటికి తెచ్చుకునే బిడ్డను చూసి అడగడం లేదనుకున్న వాళ్లమే, మందిరానికి రాకపోవడం, జడ వేసుకోకపోవడం, గోడవైపు తిరిగి పడుకోవడం చూసి భక్తి తగ్గిందనుకున్నాం. ఆ అమ్మాయి అడుగుతానే ఉంది. మాకు కనపట్లేదు.

తర్వాత యెషయా తీశాం. మేము ప్రసంగించింది సగం వచనమే. తల్లి మరచునా అని అడిగిన దేవుడే ఆ వెంటనే, వారైనా మరచిపోవచ్చునని ఒప్పుకుంటున్నాడు. అలా జరిగినా తాను మరువనంటున్నాడు. ఆ వచనం తల్లిని పరీక్షించే వచనం కాదు. తల్లి చేతులు పట్టు తప్పిన చోట కింద ఇంకొకరి చేతులున్నాయని చెప్పే వచనం. ఆ చేతులున్నాయని ఆ ఇంట్లో చూపించాల్సిన సంఘం, చెయ్యెత్తమని అడిగింది.

మర్నాడు ఆమెను, భర్తను తీసుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాం. అక్కడినుంచి జిల్లా కేంద్రంలో మానసిక వైద్యుని దగ్గరికి. కాన్పు తర్వాత వచ్చే కుంగుబాటు ఇది, జబ్బు, బద్ధకం కాదు, దయ్యమూ కాదు అని ఆయన అత్తగారికి అర్థమయ్యేలా చెప్పారు. పాలిచ్చే తల్లులకు సరిపడే మందులున్నాయని చెప్పి రాసిచ్చారు. బిడ్డ సంగతి అడిగితే ఆయన ఒక ప్రయోగం గురించి చెప్పారు. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికా శాస్త్రవేత్త 1970లలో చేసింది. తల్లి కొద్దిసేపు బిడ్డతో ఎప్పటిలా ఆడుతుంది. తర్వాత చెప్పిన ప్రకారం రెండు మూడు నిమిషాలు ముఖంలో ఏ కదలికా లేకుండా బిడ్డను చూస్తుంది. నెలల బిడ్డ వెంటనే పసిగడతాడు. ముందు నవ్వుతాడు, చేతులు చాపుతాడు, గొంతు చేస్తాడు. తనకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగిస్తాడు. ఏదీ పనిచేయకపోతే ముఖం తిప్పేసుకుంటాడు, వాలిపోతాడు. అమ్మగారు చూసిన చూపు అదే.

ఆయన ఇంకోటి కూడా చెప్పారు, అది మమ్మల్ని బతికించింది. ఆరోగ్యంగా ఉన్న తల్లీబిడ్డలైనా ఎప్పుడూ ఒకరికొకరు సరిగా అందుకోరట. బిడ్డ నవ్వినప్పుడు అమ్మ వేరే పనిలో ఉంటుంది, అమ్మ పలకరించినప్పుడు బిడ్డకు నిద్ర వస్తుంటుంది. ట్రోనిక్ బృందం గమనించినదాని ప్రకారం ఇద్దరూ కుదురుగా కలిసే సమయం మూడోవంతుకు మించదు. మిగతాదంతా తప్పడం, మళ్లీ కలుపుకోవడం. బిడ్డ నమ్మకం నేర్చుకునేది ఎప్పుడూ తప్పని అమ్మ దగ్గర కాదు, తప్పినా మళ్లీ తిరిగే అమ్మ దగ్గర.

ప్రియులారా, ఏలీ చేసిన మేలు కూడా అదే. హన్నా "కాదయ్యా, నేను దుఃఖంలో ఉన్నాను" అని చెప్పగానే ఆయన తన మాట పట్టుకుని కూర్చోలేదు. ఆమెను సమాధానంతో వెళ్లమన్నాడు. తప్పు చదివినవాడు మళ్లీ చదివాడు. మేము కూడా ఆ ఇంటికి వెళ్లి, అత్తగారి ముందే, అయ్యగారు ఆ అమ్మాయిని క్షమించమని అడిగారు. ఆమె ఏమీ అనలేదు. అన్నీ ఒక్కరోజులో కావు.

మార్పు ఒక ఆదివారంలో రాలేదు. మందులు పట్టడానికే వారాలు పట్టింది. స్త్రీల కూడికలో వంతులు వేసుకున్నాం. ఒకరు వంట, ఒకరు బిడ్డకు నీళ్లు, ఒకరు ఆమె నిద్రపోతుంటే బిడ్డతో కబుర్లు. భర్త రాత్రిళ్లు బిడ్డను ఎత్తుకోవడం నేర్చుకున్నాడు. ప్రార్థన మానలేదు, కానీ మందిరానికి రమ్మని అడగడం మానేశాం. హన్నా కూడా సమూయేలు పాలు విడిచే దాకా షిలోహుకు వెళ్లలేదు, ఎల్కానా సరేనన్నాడు. చంటిబిడ్డ తల్లి హాజరు లెక్కపెట్టే అధికారం మాకెవరిచ్చారు?

వానాకాలం వెళ్లాక ఒక సాయంత్రం ఆమె మా అరుగు మీద కూర్చుని అమ్మగారితో ఏదో మాట్లాడుతోంది. ఒళ్లో బిడ్డ ఉన్నట్టుండి "ఊఁ" అన్నాడు. ఆమె మాట ఆపి, వాడి వైపు తిరిగి "ఊఁ? ఏంటి?" అంది. వాడు మళ్లీ అన్నాడు. తానేం చేసిందో ఆమెకు తెలియలేదు. అమ్మగారు లోపలికి వచ్చి కళ్లు తుడుచుకున్నారు. మేము ఆ రోజు సాక్ష్యం చెప్పించలేదు. ఇప్పుడు ఇన్నేళ్లకు ఆమే రాయమంది, ఇంకో ఇంట్లో ఇంకొకరు గోడవైపు తిరిగి పడుకుని ఉంటారేమో అని.

అందుకే తోటి సేవకులకు, విశ్వాసులకు కొన్ని మాటలు. కాన్పైన కొద్ది రోజుల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే, నిద్ర పట్టకపోతే, చావు మాటలు వస్తే, అది భక్తి కొదువ కాదు. ఆశా కార్యకర్త ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఆమెకు చెప్పండి. 14416 ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. తనకుగానీ బిడ్డకుగానీ హాని చేసుకునే మాట వస్తే ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రార్థన దారిలో చేయవచ్చు.

మనం ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఆత్మ మన కోసం మూలుగుతాడని రోమా పత్రిక 8వ అధ్యాయం చెబుతోంది. మూలుగును భాషగా వినే దేవుడు మనకున్నాడు. పిడికిలి కదలికను వింటాడు, చప్పుడు లేని పెదవులను వింటాడు, గోడవైపు తిరిగిన వీపును కూడా వింటాడు. అడగందే అమ్మైనా పెట్టదు, నిజమే. కానీ అడగనివాళ్లు ఎవరూ లేరు.

ప్రార్థిద్దాం. ప్రభువా, మేము సరిగా చదవని ముఖాల కోసం మమ్మల్ని క్షమించు. ఈ రాత్రి నిద్రలేని ప్రతి బాలింతను, ఆమె ఒళ్లోని బిడ్డను నీ చేతుల్లో పట్టుకో. ఆ చేతులు మా చేతులై వారి ఇంటికి చేరేలా మమ్మల్ని లేపు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.